చిల్లుల చేద

కూర్మనాథం గారిని ప్రశ్న అడగడం సులువే, జవాబు రాబట్టడమే కష్టం. ఎంత దూరం నుంచి వచ్చినవాడైనా, ఎంత బరువైన ప్రశ్న మోసుకొచ్చినా, ఆయన ఓపిగ్గా చివరిదాకా విని ఏదో ఒక పని అప్పజెప్పేవారు. ఆత్మ అంటే ఏమిటని అడిగినవాణ్ణి అరటి మొక్కలకి నీళ్లు పట్టమనేవారు. పాపానికీ పుణ్యానికీ తేడా చెప్పమన్నావిడ ముందు చింతపండు బుట్ట పెట్టి గింజలు తీయమనేవారు. సముద్రం ఒడ్డున సరుగుడు తోటలో ఉన్న ఆ చిన్న ఆశ్రమానికి వచ్చేవాళ్లలో సగం మంది పని మధ్యలో వదిలేసి, గొణుక్కుంటూ బస్సెక్కేవారు. మిగతా సగం మంది పూర్తిచేసేవారు. వాళ్లకి జవాబు దొరికిందో లేదో మనకి తెలీదు గాని, తోట మాత్రం ఎప్పుడూ పచ్చగా ఉండేది.

దాలినాయుడు పని పూర్తిచేసే రకం. జూటుమిల్లులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి, ఊరికే కూర్చోవడం చేతకాదు. భార్య నరసమ్మ పోయిన దగ్గర్నుంచి ప్రతి ఆదివారం ఆశ్రమానికి వస్తున్నాడు. వచ్చినప్పుడల్లా బావి గిలక బాగుచేసో, తలుపు గొళ్లెం బిగించో వెళ్తాడే తప్ప నోరు విప్పి ఏమీ అడిగేవాడు కాదు. ఒక ఆదివారం తెల్లవారుతూనే వచ్చి, చేతులు కట్టుకుని నిలబడి అడిగాడు.

"అయ్యగారూ, మనిషన్నవాడు ఏది గుర్తుంచుకోవాలండి? ఏది మరిచిపోవాలండి?"

దాలినాయుడే మళ్లీ అందుకున్నాడు. "మా ఆడమనిషి జబ్బుపడ్డ రోజులన్నీ తీసిపారేసేనండి. ఆ ఆస్పత్రి, ఆ మందుల వాసన, ఆ మంచం, ఏటీ ఉంచుకోలేదు. బాగున్న రోజులే దాచుకున్నాను. అయినా ఎక్కడో ఏటో మరిచిపోయినట్టే ఉంటాదండి. స్టవ్వు ఆర్పకుండా ఊరెళ్లిపోయినోడికి ఉంటాది చూడండి, అలాగ. పడుకుంటే నిద్దర పట్టదు."

"ముందు స్నానం చేసి రా," అన్నారు కూర్మనాథం గారు.

సరే, ఇది ఆయన ధోరణే కదా అనుకుని దాలినాయుడు సముద్రానికి నడిచాడు. మూడు మునకలు వేసి ఒడ్డుకొచ్చి తల తుడుచుకుంటుంటే, మెడలో వేలాడే చిన్న గుడ్డసంచి చేతికి తేలిగ్గా తగిలింది. ఉప్పునీటికి ఎప్పుడు చివికిందో ఏమో, అడుగు కుట్టు విడిపోయి ఉంది. లోపల నరసమ్మ ఉంగరం లేదు.

ఆ ఉంగరం సంగతి చెప్పాలి. వాళ్ల పెళ్లిలో బిందెలో వేసిన ఉంగరం అది. పెళ్లికొడుకూ పెళ్లికూతురూ ఇరుకు మూతి బిందెలో చేతులు పెట్టి, పసుపు నీళ్లలో దేవులాడి, ఎవరు ముందు ఉంగరం తీస్తారా అని చుట్టూ చేరినవాళ్లు గోలగోలగా నవ్వే ఆ ముచ్చట మనకి తెలిసిందే. మూడుసార్లు వేస్తే మూడుసార్లూ నరసమ్మే తీసింది. ఇప్పుడు కూతురు ఉమ పెళ్లి కుదిరింది. "అమ్మ ఉంగరమే బిందెలో వెయ్యాలి నాన్నా, ఇంకోటి వేస్తే నేను చెయ్యే పెట్టను," అని ఆ పిల్ల ముందే చెప్పేసింది. తల్లి పోయిన రోజున ఆ ఉంగరాన్ని వేలి నుంచి తీసి గుడ్డలో పెట్టి కుట్టి తండ్రి మెడలో వేసింది కూడా ఆ పిల్లే. దాలినాయుడు ఆ మూట విప్పి ఒక్కసారి కూడా చూసుకోలేదు. చూస్తే గుండె తట్టుకోదని భయం.

తడిబట్టలతోనే పరుగెత్తుకొచ్చాడు. "ఉంగరం పోయిందండి!" అన్నాడు.

"పోలేదు, ఇసుకలో ఉంది," అన్నారు కూర్మనాథం గారు, ఉప్పు డబ్బా అలమరలో ఉందన్నంత మామూలుగా.

దాలినాయుడికి ఆ క్షణాన గురువు మీద ఎక్కడలేని కోపం వచ్చింది. ప్రశ్న అడగడానికి వస్తే ఉన్నది కాస్తా ఊడ్చుకుపోయింది. ఈయన స్నానం చెయ్యమనకపోతే ఈపాటికి ఉంగరం మెడలోనే ఉండును. కాని పెద్దాయన్ని ఏమంటాడు? ఆ సాయంత్రమే పట్నం వెళ్లి, తోడల్లుడి దగ్గరున్న మెటల్ డిటెక్టరు అడిగి తెచ్చుకున్నాడు. పొడుగాటి కర్ర చివర పళ్లెంలాంటి చక్రం, కింద లోహం ఉంటే కుయ్యిమంటుంది. మర్నాడు పాటు వేళ, నీరు బాగా వెనక్కి తీశాక, స్నానం చేసిన చోట ఆ చక్రాన్ని ఇసుక మీద అటూ ఇటూ ఆడించాడు. కుయ్యిమంది. మోకాళ్ల మీద కూలబడి రెండు చేతులా తవ్వాడు. తవ్వినంతసేపూ తవ్వడమే, ఇంతలో ఒక అల నాలిక చాపినట్టు వచ్చి గుంటని నింపేసి, ఏమీ ఎరగనట్టు వెనక్కి పోవడమే. చేతులతో అయ్యే పని కాదని అర్థమైంది.

పనిముట్టు కావాలంటే ఫిట్టరుకి కాళ్లూ చేతులూ ఆడతాయి. ఆశ్రమం గోశాల వెనక ఒక పాత స్టీలు పాలక్యాను దొరికింది. దాని మూతిని చాట మూతిలా ఏటవాలుగా కోశాడు. ఆకురాయితో అంచులు నున్నగా రాశాడు. పాత సైకిలు పైపు ఒకటి బోల్టులు వేసి పిడిగా బిగించాడు; ఇసుక తోడే చేద తయారైంది. ఇక అడుగునా పక్కలా చిల్లులు పెట్టాలి. ఇసుకంతా జారిపోవాలి, ఉంగరం మిగలాలి. ఎక్కడ జారిపోతుందో అన్న బెంగతో చిల్లులు కందిగింజంత పెట్టాడు. తీరా తీసుకెళ్లి తోడితే, ఆ ఒడ్డంతా గవ్వల ముక్కలూ నత్తగుల్లలూ కాబట్టి, అవి చిల్లుల్లో ఇరుక్కుని తడి ఇసుక ముద్దకట్టి కూర్చుంది. చేదని లేపబోతే నడుం పట్టేసింది. సరుగుడు చెట్ల కింద కూర్చుని ఇదంతా చూస్తున్న కూర్మనాథం గారు, "ఇసుక కూడా దాచుకుందామనా?" అని అడిగారు.

చిల్లులు పెద్దవి చెయ్యక తప్పదు. గవ్వలు పోవాలి, ఉంగరం ఆగాలి. అంటే ఉంగరం కన్నా వెంట్రుకవాసి చిన్నగా ఉండాలి, అంతే. మరి ఉంగరం ఎంత?

దాలినాయుడు గోశాల అరుగు మీద కూర్చుని కళ్లు మూసుకున్నాడు. మధ్యాహ్నపు గాలి సరుగుడు ఆకుల్లోంచి హోరుమంటోంది, దూరంగా సముద్రమూ అదే పాట పాడుతోంది, రెండింటికీ తేడా తెలియడం లేదు. ఆ హోరులో ఆయనకి పెళ్లి పందిరి కనిపించింది. ఇత్తడి బిందె కనిపించింది. గోరువెచ్చని పసుపు నీళ్లు మణికట్టు దాకా వచ్చాయి. నీళ్ల అడుగున, ఎవరికీ కనపడనిచోట, గోరింటాకు పెట్టిన ఒక చెయ్యి ఆయన చేతికి తగిలింది. కండగల చెయ్యి, భయం లేని చెయ్యి. ఉంగరం కోసం వెతకాల్సింది పోయి ఆ వేళ ఆయన ఆ వేళ్లే పట్టుకున్నాడు, అందుకే మూడుసార్లూ ఓడిపోయాడు. కళ్లు తెరవకుండానే ఒక సరుగుడు పుల్ల అందుకుని, చాకుతో కొంచెం చెక్కి, రెండు వేళ్ల మధ్య పెట్టి చూసుకున్నాడు. లావుగా ఉంది. ఇంకొంచెం చెక్కాడు. మళ్లీ పట్టుకున్నాడు. అలా చెక్కుతూ పట్టుకుంటూ, చెక్కుతూ పట్టుకుంటూ, ఒకసారి పట్టుకునేసరికి ఒళ్లు ఝల్లుమంది. అదే నరసమ్మ వేలు. అనుమానం లేదు. ఆ పుల్లకి సరిపోయే ఉంగరం ఎంతుంటుందో లెక్కగట్టి, దానికన్నా వెంట్రుకవాసి తక్కువగా ఒక్కో చిల్లునీ గుండ్రటి ఆకురాయితో రాసి పెద్దది చేశాడు. చీకటి పడేదాకా రాశాడు. చాన్నాళ్లకి ఆ రాత్రి కంటినిండా నిద్రపోయాడు.

మర్నాడు పొద్దున్న సముద్రం మీద మంచు కమ్ముకుని ఉంది. ఎక్కడ నీరో ఎక్కడ ఆకాశమో తెలియకుండా అంతా పాలిపోయి, ఎండ పొడ సోకినచోట మాత్రం పసుపు కలిపినట్టుంది. దాలినాయుడు చేదని దూరంగా పెట్టి, చక్రం ఆడించాడు. చేద పక్కనుంటే దాన్ని చూసే యంత్రం కుయ్యిమంటుంది మరి. నీళ్ల అంచున ఒకచోట సన్నగా, తియ్యగా మోగింది. చేద తెచ్చి గుచ్చి లేపాడు. ఏం చెప్పాలి ఆ సుఖం! ఇసుకా గవ్వలూ నీళ్లూ కలిసి జలజలా జారిపోయాయి, చేద పువ్వులా తేలికైంది. అడుగున ఒక తుప్పుపట్టిన మేకు ఉంది. ఉంగరం లేదు.

చక్రం పెట్టి చూశాడు. అదే గుంట, అదే మోత. మళ్లీ తోడాడు. ఇసుక జలజలా జారింది. ఏమీ లేదు. మళ్లీ చూస్తే గుంట మళ్లీ మోగింది. తోడిన కొద్దీ చేద ఖాళీ, గుంట మాత్రం పిలుస్తూనే ఉంది. కలలో పరుగెత్తేవాడికి దారి తరగనట్టు ఎంతసేపు అలా తోడాడో ఆయనకే తెలీదు. పాటు ముగిసి పోటు తిరుగుతోంది. ఒక్కో అల ముందుదానికన్నా కాస్త పైకి వస్తోంది. ఇంకాసేపటికి ఈ చోటు నీళ్ల కిందకి పోతుంది, రాత్రికి ఇసుక ఎటు తిరుగుతుందో, రేపు ఉంగరం ఎక్కడుంటుందో ఎవరికి తెలుసు? ఉమకి ఏమని చెప్పడం?

"యంత్రం పాడైపోయిందండి," అని గట్టిగా అరిచాడు, ఏడుపు ఆపుకుంటూ.

కూర్మనాథం గారు అప్పటికే నీళ్ల దాకా నడిచొచ్చి ఉన్నారు. పంచె అంచు తడుస్తున్నా పట్టించుకోలేదు. "అది పిలుస్తూనే ఉందిగా, నాయుడూ. నీ చేదలోంచి ఏం జారిపోతోంది?"

"ఇసకేనండి."

"ఇసకేనా?"

దాలినాయుడు చేదని కళ్ల దగ్గరకి తెచ్చుకుని ఒక చిల్లులోకి చూశాడు. మొలలో దోపుకున్న సరుగుడు పుల్ల తీసి పక్కన పెట్టి చూశాడు. కొలత తప్పలేదు. ఇన్నేళ్ల పనిలో ఆయన కొలత ఎప్పుడూ తప్పలేదు. పెళ్లినాటి నరసమ్మ వేలు అంతే.

అప్పుడు, ఆ చిల్లు అవతల, తీసిపారేశాననుకున్న మంచం కనిపించింది. ఆ మంచం మీద నరసమ్మ. ఉంగరం వదులైపోయి మాటిమాటికీ జారి దుప్పట్లో పడుతుంటే, "ఎక్కడో పారేస్తాను, చిన్నది చేయించి పట్రా," అంది ఆవిడ. కంసాలి దగ్గరికి తీసుకెళ్లింది ఎవరు? తనే. ముక్క కోయించి అతికించి తెచ్చింది తనే. ఆస్పత్రి కిటికీలోంచి ఎండ పడుతుంటే, పుల్లలాంటి ఆ చెయ్యి ఒళ్లో పెట్టుకుని మళ్లీ తొడిగిందీ తనే. అప్పుడు ఆవిడ నవ్వింది. ఆ జబ్బులో, ఆ ఎండిపోయిన పెదాలతో, నిజంగా నవ్వింది. "ఏటయ్యా, మళ్లీ పెళ్లాడతన్నావేటి?" అంది.

ఆ మాట ఎలా మరిచిపోయాడు? మంచంతోపాటే పారేశాడు. మందుల వాసనతోపాటే పారేశాడు.

పెద్ద అల ఒకటి వచ్చి నడుం దాకా తడిపి వెళ్లింది. దాలినాయుడు గుంటలోకి వంగి, చేదని నిండా గుచ్చి, ఒక చేత్తో లేపి, రెండో అరచెయ్యి దాని అడుగున పట్టాడు. ఇసుక ఆయన వేళ్ల సందుల్లోంచి జారింది. గవ్వల ముక్కలు జారాయి. నీళ్లు జారాయి. మళ్లీ గుచ్చి మళ్లీ పట్టాడు. ఏదో చిన్నది చేదలోంచి రాలి అరచేతిలో పడింది. వేళ్లు వాటంతట అవే ముడుచుకున్నాయి.

ఒడ్డుకొచ్చి పిడికిలి తెరిచాడు. ఎంత చిన్న ఉంగరం! తన చిటికెన వేలి మొదటి కణుపు కూడా దాటలేదు. ఇంతలా చిక్కిపోయిందా, ఇంత సన్నటి వేలితోనా చివరిదాకా తన చెయ్యి పట్టుకుని ఉంది! ఆయన ఇసుకలో కూర్చుని, మనిషి పోయిన రోజున కూడా ఏడవనంత ఏడ్చాడు. కూర్మనాథం గారు పక్కన కూర్చున్నారు. మంచు విడిపోయి ఎండ వచ్చేదాకా ఇద్దరూ అక్కడే ఉన్నారు.

చివరికి దాలినాయుడు తువ్వాలుతో మొహం తుడుచుకుని, ఉంగరం భద్రంగా దాని కొంగున ముడివేసి, చేద వైపు చూశాడు. తప్పు జరిగిన పనిముట్టుని అలా వదిలెయ్యడం ఆయన వల్ల కాదు.

"చిల్లులు పెద్దవైపోయినాయండి. లోపల సన్నటి జల్లెడ రేకు ఒకటి వేసి బిగించీనా?"

"ఎందుకు?" అన్నారు కూర్మనాథం గారు లేస్తూ, పంచె ఇసుక దులుపుకుంటూ. "కింద చెయ్యి పెట్టడం వచ్చిందిగా."