వెళ్ళొస్తానన్న మాట

ఎప్పటి మాటో తెలియదు. కొండమీది స్వామికి కింది బావి నీళ్ళే స్నానమైన కాలమని మాత్రం చెబుతారు. ఆ నీళ్ళు మోసేది అచ్చియ్యమ్మ.

ఆమె కూతురికి జ్వరం వచ్చింది. అచ్చియ్యమ్మ స్వామికి మొక్కుకుంది. జ్వరం తగ్గలేదు. తడిబట్టలతో ప్రదక్షిణలు చేసింది. తగ్గలేదు. గుడి గడపకు తల ఆన్చి ఏడ్చింది. పిల్ల పోయింది.

ఆ తరువాతా ఆమె నీళ్ళు మోసింది. స్వామి పేరు నోటికి వచ్చేది, మనసుకు వచ్చేది కాదు. నమ్మకం లేని చేతులతో ఆయనకు నీళ్ళు తెస్తున్నానే అని సిగ్గుతో కుంగిపోయేది. చివరికి ఒక ఉదయం, "పోతున్నాను, ఇక రాను" అని చెప్పేద్దామని బిందె దించి స్వామి ఎదుట నిలబడింది. నోరు తెరిచింది. బుద్ధెరిగిన నాటి నుంచీ ఉన్న అలవాటు!

"వెళ్ళొస్తాను సామీ" అనేసింది.

నాలుక కరుచుకుంది. ఖాళీ బిందెతో సగం మెట్లు దిగేసరికి కాళ్ళు ఆగిపోయాయి. పైకి వెళ్దామంటే నమ్మకం లేదు. కిందికి పోదామంటే మాట ఇచ్చింది. నడిమి మెట్టు మీద ముఖం దాచుకుని కూర్చుంది.

అర్చకుడు అప్పలాచార్యులు వెతుక్కుంటూ దిగివచ్చాడు.

"పైకా, కిందికా అచ్చియ్యమ్మా?"

"పైకి రావడానికి సిగ్గు బాబూ. కిందికి పోవడానికీ సిగ్గే."

"బాగుంది! మరి రేపు స్వామి స్నానం? ఈ నడుముతో నన్ను మోయమంటావా?"

"ఇక్కడిదాకా నేను తెస్తాను. ఇక్కణ్ణుంచి మీరు పట్టుకెళ్ళండి."

ఆయన గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు. అప్పటినుంచి ఆమె సగం ఎక్కేది, ఆయన సగం దిగేవాడు.

"ఏమే సగం భక్తురాలా, స్వామి ఉన్నాడంటావా?" అని ఎక్కేవాళ్ళు అడిగారు. తల దించుకుని "తెలియదు" అంది. దిగేవాళ్ళు అడిగారు. "తెలియదు" అంది. ఆఖరికి అర్చకుడూ అడిగాడు. "తెలియదు బాబూ" అంది.

ముసలితనాన ఒకనాడు ఆ మెట్టు మీదే వాలిపోయింది. అప్పలాచార్యులు పక్కన కూర్చుని, "ఒక్కసారి స్వామి పేరు తలుచుకో తల్లీ" అన్నాడు.

"ఆఖరున కూడా అబద్ధమెందుకు బాబూ? వెళ్ళొస్తానన్నదని చెప్పండి."

ఆమె కన్ను మూశాక, ఆ మాట చెప్పడానికి ఆయన బిందె ఎత్తుకుని పైకెళ్ళాడట.

ఇప్పటికీ ఆ కొండ మీదికి నీళ్ళు నడిమి మెట్టు దాకా ఒకరు తెస్తారు. అక్కణ్ణుంచి అర్చకుడే అందుకుంటాడు. పైకి వెళ్ళలేక, కిందికి పోలేక ఆ మెట్టు మీద కూర్చున్నవాళ్ళను "పైకా, కిందికా" అని ఎవరూ అడగరు. దాటిపోతూ "వెళ్ళొస్తాం" అంటారు, అంతే. కూర్చున్నవాళ్ళు తలెత్తకుండానే "వెళ్ళిరండి" అంటారు.