మెరకమ్మ పల్లానికి దిగిన కథ

తొగరలంకలో బస్సు దిగి కాలవగట్టు వెంట నడిస్తే, ఊరికి దక్షిణాన పల్లంలో అమ్మవారి గుడి కనిపిస్తుంది. అమ్మ పేరు మెరకమ్మ. ఉండేది పల్లంలో. "పేరొకటి, తీరొకటా?" అని నవ్వేవారికి ఈ కథ చెబుతాం.

పూర్వం ఇక్కడ అమ్మవారు మెరక మీదే ఉండేది. చుట్టూ ఆరెకరాలు ఖాళీ. అంటరానివారని ఊరు దూరం పెట్టినవారి పేట మాత్రం ఈ పల్లంలో ఉండేది. ఊరివారు తమకు మంచి నేల చూసుకుని, పేటవారికి నీళ్ళు నిలిచే నేల చూపించారు. నీరు పల్లమెరుగు అన్నట్టు, గోదావరి పొంగితే ముందు పేటలోకే వచ్చేది. ఒక వరదలో గోడ కూలి, పేటలో ఉండే మరిడమ్మ అనే ఆమె కొడుకు చనిపోయాడు. కోడలు అప్పటికి చూలాలు. మళ్ళీ వరదలు రాకముందే మెరక మీద పాక వేసుకోనివ్వమని మరిడమ్మ పెద్దలను వేడుకుంది. "అది అమ్మవారి చోటు. మీరుంటే మైలపడుతుంది" అన్నాడు మునసబు వెంకటాద్రి.

అయితే జాతరలో అమ్మ పలికేది మరిడమ్మ నోటనే. ఆమెను గుమ్మం తొక్కనివ్వనివారు కూడా ఆ ఒక్కరోజు ఆమె కాళ్ళ మీద పడేవారు. ఇక్కడి కట్టుబాటు ఒకటుంది: అమ్మ కోరిక చెప్పకముందే మునసబు మూడుసార్లు "ఇచ్చాం తల్లీ" అనాలి. ఏటా అడిగేది చీరో, దున్నపోతో కాబట్టి వెంకటాద్రి ఆ ఏడూ ధీమాగా మూడుసార్లూ అనేశాడు.

"నాకు మెరకొద్దురా. పల్లంలో నేనుంటా. నా బిడ్డల్ని మెరకెక్కించు" అంది అమ్మ.

మునసబు ముఖం మాడిపోయింది. "ఇది అమ్మ మాటా, మరిడి మాటా?" అన్నాడు.

"నీ కొడుక్కి మశూచి తగ్గుద్దని చెప్పిననాడు ఎవరి మాటరా అది?"

ఆ కొడుకు పక్కనే నిలబడి ఉన్నాడు. పల్లానికి దించడానికి ముందుగా వంగి విగ్రహాన్ని ఎత్తుకున్నది అతడే. ఆషాఢం రాకముందే పేట మెరకెక్కింది. మరిడమ్మ మనవరాలు వరద తాకని నేల మీద పుట్టింది. ఈ కథలో మాకు ఎక్కువ సంతోషం కలిగించేది ఇదే.

అంతటితో అంతా సరిపోయిందని చెప్పం. మెరకకు రోడ్డు రావడానికి రెండు తరాలు పట్టింది. పట్నంలో ఉద్యోగాలు వచ్చిన ఇక్కడి పిల్లలను అద్దె ఇళ్ళవాళ్ళు ఈనాటికీ "మీరేవిట్లు?" అని కులం అడిగి, ఇల్లు ఖాళీ లేదంటున్నారు. అటువంటివారు మొక్కుకుంటే నెల తిరక్కుండా అమ్మ ఇల్లు చూపిస్తుంది. ఇందులో సందేహం లేదు.

ఇళ్ళున్నవారూ దర్శనానికి వస్తారు. వరద రోజుల్లో అమ్మ నడుము లోతు నీళ్ళలో ఉంటుంది. ఎంతటివారైనా ఆ నీళ్ళలోకి దిగే మొక్కాలి. గట్టు మీద నుంచి పెట్టిన దణ్ణం ఆమెకు చేరదు.