వెనక్కి నడిపించిన లెక్క

ఆ ఏడు ఎండలకు అడవిలో మడుగులన్నీ అడుగంటాయి. కొండమీది చెరువులో మిగిలిన నీటిని ఏ మడుగుకు ఎప్పుడు వదిలితే అందరి దాహమూ తీరుతుందో తేల్చడం మామూలు లెక్క కాదు. అందుకు మంచి క్వాంటం కంప్యూటర్ కావాలని పెద్ద ఏనుగు కబురు పెట్టింది. నక్క, తాబేలు తమ యంత్రాలతో వచ్చాయి.

నక్కది మంచుకన్నా చల్లటి పెట్టెలో దాచిన చిప్. తాబేలుది గాలిలేని గాజుబుడ్డిలో నిలిపిన అయాన్లను లేజర్‌తో తట్టి లెక్క చేయించే యంత్రం.

"ఏనుగు మామా, లెక్క చేసే క్యూబిట్లు నా దాంట్లో వందలున్నాయి. తాబేలు దాంట్లో పిడికెడు. ఇంక పోలికెందుకు?" అంది నక్క.

"నాది నిదానమే," ఒప్పుకుంది తాబేలు.

దుప్పి ముందుకొచ్చింది. దాని పిల్లలు నాలుకలు వేలాడేసి నిలబడి ఉన్నాయి. "లెక్క తప్పితే ఎండేది మా మడుగు. పరీక్ష పెట్టి చూద్దాం మామా."

ముందు చిన్న లెక్క ఇచ్చారు. తాబేలు మొదలుపెట్టేలోపే నక్క సరైన జవాబు చెప్పేసి మీసం దువ్వుకుంది.

"ఇప్పుడు నీళ్ల లెక్కంత పొడుగుది ఇద్దాం," అంది దుప్పి.

"దాని జవాబు మనకే తెలియదే. తప్పో ఒప్పో ఎలా తేలుస్తాం?" అంది ఏనుగు.

"అన్నీ సున్నాలతో మొదలుపెట్టి, సగం దూరం లెక్క చేసి, వేసిన అడుగులన్నీ వెనక్కి వేయమందాం. మేతకెళ్లిన దారినే తిరిగొస్తే ఇంటికే చేరాలిగా? మళ్లీ సున్నాలే కనబడాలి."

"అదెంత పని వదినా," అంటూ నక్క యంత్రాన్ని నడిపింది. రెప్పపాటులో జవాబొచ్చింది. సున్నాలూ ఒకట్లూ కలగాపులగం. మళ్లీ నడిపితే ఇంకో కలగాపులగం.

"చలి కాస్త తగ్గినట్టుంది," నసిగింది నక్క.

"నీ పెట్టెకు ఆనుకున్న కోతి తోక బిగుసుకుపోయింది అల్లుడూ," అంది ఏనుగు. అందరూ నవ్వారు.

తాబేలు యంత్రం ముగించేసరికి ఏనుగు ఒక కునుకు తీసింది. ఒకటీ అరా తప్ప అన్నీ సున్నాలే. మళ్లీ నడిపినా అంతే.

"అడుగులు పెరిగేకొద్దీ నక్క యంత్రంలో తప్పులు పోగుపడుతున్నాయి. పొడుగు లెక్క తాబేలుది. తొందరగా తేలాల్సిన చిన్న లెక్కలు నక్కవి," తీర్పు చెప్పింది ఏనుగు.

తాబేలు లెక్క ప్రకారం నీళ్లు వదిలారు. దుప్పి పిల్లలు మోకాళ్ల మీద వాలి కడుపునిండా తాగాయి. అవతలి గట్టున నక్క కూడా మొహం పక్కకు తిప్పుకుని, ఆ నీళ్లే గటగటా తాగింది.

పనిముట్టును మనం చేయించుకోవలసిన పనితోనే తూచి చూడాలి.