కావాలి, కావల్ల

ప్రశ్న అడగడానికి వచ్చినవాళ్లను ఇందుమతమ్మగారు ముందు కింద కూర్చోమంటారు. ఆటిజం ఉన్న పిల్లల ఇళ్లకు వెళ్లి, వాళ్లకు మాటా పనీ నేర్పే థెరపిస్టులకు ఆవిడ గురువు. కుర్చీల్లో కూర్చుని పిల్లల సంగతి మాట్లాడటం ఆవిడకు గిట్టదు.

ఆ రోజు శిష్యురాలు కౌముది కూర్చోకముందే అడిగేసింది. "అమ్మా, నేను వెళ్లే ఇంట్లో ఆ తల్లికి నన్ను చూస్తేనే ఒళ్లు మంట. బాబు నా దగ్గరికి నవ్వుతూ వస్తాడని ముఖం మాడ్చుకుంటుంది. ఆవిడ అసూయ పోగొట్టడం ఎలా?"

ఇందుమతమ్మగారు ఆమెను ముందు కింద కూర్చోబెట్టారు. ధర్మవరంలో ఒక ఇంట్లో జరిగిన సంగతి చెప్పారు.

నాగవేణి మగ్గం నేసే ఇంటి కోడలు. కూతురు హంసికకు ఐదేళ్లు వచ్చినా మాట రాలేదు. ఏం కావాలన్నా తల్లి చేయి పట్టుకుని ఈడ్చుకుపోయేది. ఆ వస్తువేదో తల్లికి తట్టకపోతే నేలకు తల బాదుకునేది. ఆ ఇంటికి వారానికి నాలుగు రోజులు ఒక థెరపిస్టు వచ్చేది, కోస్తా నుంచి వచ్చిన మనిషి. చాప మీద పాపకు ఎదురుగా కూర్చుని, బొరుగుల గిన్నె పట్టుకుని, "కావాలి" అని పలికి ఓపిగ్గా ఆగేది. పాప తనవైపు చూసినా, చేయి చాపినా వెంటనే నాలుగు బొరుగులు పెట్టేది. నాలుగో నెలలో ఒక సాయంత్రం హంసిక "కావాలి" అంది.

వంటింటి గుమ్మంలో నిలబడ్డ నాగవేణి గుండె గంతులేసింది. మరుక్షణమే కడుపు రగిలిపోయింది. కన్నది తాను. నెత్తురు కారే నుదురు తుడిచింది తాను. మొదటి మాట మాత్రం ఇలా వచ్చి అలా పోయే ఆడమనిషికా! దేవుడు ఇవ్వక ఇవ్వక ఒక్క మాట ఇచ్చి, అదీ పరాయిదాని ఒళ్లో వేశాడనుకుంది. ఆ రోజు నుంచి థెరపిస్టు నవ్వు నచ్చలేదు, ఆమె పెట్టుకొచ్చే పూలూ నచ్చలేదు. టీ చల్లారాక ఇచ్చేది. రెండుసార్లు పాప నిద్రపోతోందని అబద్ధం చెప్పి గుమ్మంలోంచే పంపేసింది.

థెరపిస్టు రాని రోజు చూసి తానే గిన్నె పట్టుకుని కూర్చుంది. "కావల్లా? కావల్లా తల్లీ?" అని తమ యాసలో బతిమాలింది. హంసిక గిన్నెలో చేయి పెట్టిందే తప్ప నోరు విప్పలేదు. సరే, ఆ మహాతల్లి మాటయితేనే పనిచేస్తుందేమోనని, గొంతు సన్నం చేసి, ఆమె సాగదీసినట్టే సాగదీసి "కావాలి" అంది. పాప ఉలిక్కిపడి వీధి తలుపు వైపు చూసింది. ఆమె వచ్చిందనుకుంది! నాగవేణి గిన్నె విసిరికొట్టింది. ఇల్లంతా బొరుగులే.

మర్నాడు థెరపిస్టు చెప్పులు విడుస్తుండగానే నాగవేణి అడ్డం నిలబడింది. "రేపట్నించి రావద్దండి మేడం. మీరు నేర్పిచ్చిన మాట మీతోనే పలుకుతాది. మా ఇంట్లో కావాలి అనేటోళ్లు ఎవురుండారు? మేమంతా కావల్ల అంటాం. నా బిడ్డ నన్నెప్పుడు అడుగుతాది?"

థెరపిస్టుకు తన తప్పు అప్పుడు తట్టింది. నాలుగు నెలలు ఆ ఇంట్లో కూర్చుని, ఈ మాటను మీ ఇంట్లో ఏమంటారని ఒక్కసారయినా అడగలేదు. తల్లిని పక్కన కూర్చోబెట్టుకోనూ లేదు. చివరికి, "ఒక్క నెల ఆగండమ్మా. గిన్నె మాత్రం మీరు పట్టుకోండి," అంది. నాగవేణి కోపంగానే గిన్నె అందుకుంది. థెరపిస్టు పోయి పాప వీపు వెనక కూర్చుంది. పాప తల్లి చేయి లాగబోతే, ఆ చిన్న చేతిని వెనకనుంచి మెల్లగా గిన్నె వైపు తిప్పేది. తాను మాత్రం పలికేది కాదు. ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు పెట్టాలో నాగవేణికి కళ్లతోనే చెప్పేది. నాగవేణి పందానికి దిగినట్టు పట్టుదలగా కూర్చునేది.

పదకొండో రోజున హంసిక గిన్నెను చూసి, తల్లి ముఖంలోకి చూసి, "కావల్ల" అంది. నాగవేణి గిన్నెడు బొరుగులూ పాప ఒళ్లో కుమ్మరించి భోరున ఏడ్చింది.

ఇందుమతమ్మగారు అక్కడితో ఆపారు. కౌముది కళ్లు తుడుచుకుని, "అయితే ఆ అసూయ పోయినట్టేనా అమ్మా?" అంది.

"ఎక్కడికి పోతుంది? తల్లిని వదిలి చాప ఈ చివరికి వచ్చింది," అన్నారావిడ. "ఆ మాట అన్నప్పుడు పిల్ల ముఖం ఎలా ఉందో తల్లి చూసింది. వెనక కూర్చున్న నాకు జడే కనపడింది. పదహారేళ్లయినా తలుచుకుంటే కుళ్లుగానే ఉంటుంది. రేపు ఆ ఇంట్లో నువ్వెక్కడ కూర్చుంటావో చూసుకో."