పాత అడ్రసు

నూకరత్నానికి ఏడుపొక్కటే తక్కువ. నాన్న సింహాద్రి చేపల వేటకెళ్ళి తొమ్మిది రోజులైంది. సముద్రంలో ఎంత దూరాన ఉన్నా, సాయంత్రం అయిదింటికి బోటులోంచి రేడియోలో "అన్నం తిన్నావామ్మా?" అని అడిగేవాడు. ఆ ఒక్క మాట కోసం ఆ పిల్ల పొద్దంతా కాచుకుని ఉండేది. అలాంటిది నాలుగు రోజులుగా ఆ గొంతు లేదు.

బోటుకేం కాలేదు. నాన్న బాగానే ఉన్నాడని పక్క ఊరి నుంచి కబురొచ్చింది. కబురు వేరు, గొంతు వేరు కదా. మూగబోయింది తమ ఊరి ఒడ్డున రేడియోను నడిపే కంప్యూటర్ పెట్టె. పాతది ఉప్పుగాలికి తుప్పుపడితే నాలుగు రోజుల కిందట కొత్తది పెట్టారు. అందులో రేడియోను పలికించే ప్రోగ్రాము, డ్రైవర్ అంటారే, అది రాసింది నూకరత్నమే.

"కొత్త పెట్టె దరిద్రం మాస్టారూ," అంది, తనకు ఈ విద్య నేర్పిన గఫూర్ మాస్టారితో. "పాతదాంట్లో నా డ్రైవర్ ఒక్కరోజు కూడా మొరాయించలేదు."

ఆయన తాపీగా కూర్చుని ఆమె రాసిందంతా చదివారు.

పెట్టె ఆన్ చేయగానే దాంతోపాటే వచ్చిన ఫర్మ్‌వేర్ అనే ప్రోగ్రాము ఒక జాబితా ఇస్తుంది. లోపల ఏ పరికరం ఉంది, ఏ రకం, ఏ అడ్రసులో, అంటే ఏ చోట ఉంది అని. ఫలానా రకం రేడియో కనిపిస్తే నన్ను పిలవండి అని డ్రైవర్ చెప్పుకుంటే చాలు, జత కలిపే పని సిస్టమ్‌ది. నూకరత్నానికి అంత ఓపికేదీ? నాన్న గొంతు వినాలన్న తొందరలో జాబితా మొహమే చూడలేదు. పాత పెట్టెలో రేడియో ఉన్న అడ్రసు తీసుకెళ్ళి డ్రైవర్లోనే రాసేసింది. కొత్త పెట్టెలో ఆ అడ్రసులో రేడియో లేదు.

మాస్టారు వేలు పెట్టి ఆ లైను చూపించారు.

"ఓస్, అంతేనా. కొత్త అడ్రసు రాసేస్తాను. అయిదు నిమిషాల పని."

మాస్టారు లేచి నిలబడ్డారు. "మీ నాన్న వచ్చేది ఈవేళేగా? బోటు ఎక్కడ ఆగుతుంది?"

"ఐసు ఫ్యాక్టరీ వెనకాల. నేను పుట్టినప్పట్నుంచీ అక్కడే."

"అయితే పద. అక్కడే నిలబడు. నేను చెప్పేదాకా కదలకు."

నిలబడింది. చుట్టూ ఆడవాళ్ళు కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని బోట్ల జెండాలు చూస్తున్నారు. మొన్నటి పెద్ద అలలకి అక్కడ ఇసుక మేట వేసింది. బోట్లన్నీ ఉత్తరంగా తిరిగాయి. ఎవరి జెండా వాళ్ళు గుర్తుపట్టి, గంపలెత్తుకుని అటు పరుగెత్తారు. ఐసు ఫ్యాక్టరీ వెనకాల వీళ్ళిద్దరే మిగిలారు.

అంతలో తమ పసుపు జెండా కనిపించింది. బోటు ముందు భాగంలో ఒక మనిషి నిలబడి ఒడ్డంతా వెతుకుతున్నాడు. ఎవర్ని వెతుకుతాడు, కూతుర్నే.

"మాస్టారూ, మా నాన్న. అదిగో, అటు దిగుతున్నాడు."

"నువ్వు చెప్పిన చోటు ఇదేగా?"

"చోటు మారింది మాస్టారూ. జెండా మాదే." నూకరత్నం ఒక అడుగు ముందుకేసింది. "నన్ను వెళ్ళనివ్వండి."

"మరి నీ డ్రైవర్‌ని కూడా జెండా చూసి ఎందుకు వెళ్ళనివ్వవు తల్లీ?" అని గఫూర్ మాస్టారు పక్కకు తప్పుకుని దారిచ్చారు.