పట్టడం అంటే పట్టుకోవడమే

డిబిరి గ్రహంలో తనంత తెలుగు వచ్చినవాడు లేడని టింబకానికి మహా గర్వం. భూమి మీది రేడియో విని విని నేర్చుకున్నాడు మరి.

"ఒక మాటకి ఒక అర్థం చాలు. రెండోది దండగ," అని తమ్ముళ్ళిద్దరికీ పాఠం చెప్పేవాడు. "పట్టడం అంటే పట్టుకోవడం. అంతే!"

"అన్నయ్య బుర్రలే బుర్రలు!" అనేవాళ్ళు తమ్ముళ్ళు. ఆ గ్రహంలో మనిషికి మూడేసి తలలు లెండి.

ఒక పొద్దున ముగ్గురూ తమ వాహనాన్ని భూమి మీద ఓ ఊరి బయట దింపి, గాల్లో తేలుతూ వచ్చి చెంగమ్మ పెరట్లో దిగారు. ఎవరో పగటివేషాలవాళ్ళనుకుంది చెంగమ్మ. "తలా రెండిడ్లీలు తినండి నాయనా," అంది. తల లెక్కన తిన్నారు. ఇంకేముంది, గిన్నె ఖాళీ!

ఈ తల్లికి ఏదో ఒక సాయం చెయ్యకపోతే టింబకానికి మనసొప్పలేదు.

చెంగమ్మ ఆవలించింది. "రాత్రి నిద్ర పట్టలేదయ్యా."

"అయ్యో, పట్టలేకపోయారా? ఎటు పారిపోయిందమ్మా?"

అంతే, ముగ్గురూ ఇల్లంతా గాలించారు. మంచం కింద మెత్తగా ఏదో తగిలింది. లాగితే గీరింది.

"ఇదిగోనమ్మా మీ నిద్ర! దీనికి గోళ్ళు కూడా ఉన్నాయి!"

అది పిల్లి.

వీళ్ళు ఇంట్లో ఉంటే ప్రమాదమని చెంగమ్మ ఓ మూట చేతికిచ్చింది. "ఈ బియ్యం పట్టించుకురండి. అరిసెలకి పిండి కావాలి."

దొంగను పట్టించారని రేడియోలో విన్నాడు టింబకం. మూట వంక జాలిగా చూశాడు. అంతే, తిన్నగా పక్కూరి పోలీసు స్టేషనుకి పట్టుకుపోయాడు.

"ఈ బియ్యాన్ని పట్టించమన్నారండీ."

"ఏం చేసిందట?" అన్నాడు కానిస్టేబులు.

"ఎంతడిగినా నోరు విప్పడం లేదండీ!"

కానిస్టేబులు మూట విప్పి చూశాడు. ఇదేదో దొంగ రేషను బియ్యమనుకున్నాడు. మూటని లోపల పడేసి, ఇంటాయన్ని రమ్మన్నాడు.

చెంగమ్మ మొగుడు కోటయ్య ఆ కబురు విని చొక్కా తొడుక్కుంటూ పరుగెత్తాడు. "తప్పుకోండ్రా, బస్సు పట్టుకోవాలి!"

"పెద్దవారు, మీ వల్ల ఏమవుతుంది బాబాయిగారూ? మేం పట్టుకుంటాం!"

ఇంకేముంది, కోటయ్య ఎక్కిన బస్సునే వెనకనుంచి ముగ్గురూ పట్టుకున్నారు. చక్రాలు గిరగిరా తిరుగుతున్నాయి, బస్సు కదలదు. కండక్టరు "రైట్ రైట్" అని గొంతు చించుకుంటున్నాడు.

"వదలండ్రా!" అని కోటయ్య కిటికీలోంచి కేక పెట్టాడు.

వదిలేశారు. బస్సు ఒక్క గెంతు గెంతి పక్కనున్న గడ్డివాములో దూరింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు గానీ, గడ్డి నిండిన మీసాలతో కోటయ్య దిగేసరికి ఊరంతా పోగయింది.

చెంగమ్మ రెండు చేతులూ జోడించింది. "మీకో దణ్ణం! ఇక ఇంటి దారి పట్టండి!"

టింబకం తమ్ముళ్ళ వైపు తిరిగాడు. "చూశార్రా? ఇంత నష్టపోయినా, ఇంటి ముందు దారి మనకే ఇచ్చేస్తోంది!"

అంతే. ముగ్గురూ తారు రోడ్డుని ఈ చివరనుంచి ఆ చివరదాకా చాపలా చుట్టి, వాహనంలోకెక్కించి, పైకి లేచారు. కింద జనం చేతులూపుతూ, అరుస్తూ పరుగెత్తుతున్నారు.

"ఎందుకన్నయ్యా అంత గోల?" అన్నాడు చిన్న తమ్ముడు.

టింబకం తొంగి చూశాడు. రోడ్డు లేని నేల మీద కిలోమీటరు రాయి ఒక్కటే నిలబడి ఉంది.

"పాపం, అది మర్చిపోయామని చెబుతున్నార్రా!" అంటూ వాహనం వెనక్కి తిప్పాడు.