సువార్తమ్మ దాహం

రైలు కూత ఎవరూ వినని రోజుల్లో, మా అవ్వకి అవ్వ ఇంకా ఉయ్యాల్లో ఉన్న రోజుల్లో, వాగు పక్కన ఒక ఊరు ఉండేది. ఊరి మధ్యలో రాతి గుడి. యేసయ్య గుడి.

ఊళ్ళోవాళ్ళూ ఆ గుడికే వచ్చేవాళ్ళు, వాడలోవాళ్ళూ ఆ గుడికే వచ్చేవాళ్ళు. గంట ఒకటే, గ్రంథం ఒకటే, దేవుడూ ఒకడే. గుమ్మాలు మాత్రం రెండు. గిన్నెలు రెండు. సమాధుల దొడ్లు రెండు. ప్రభువు బల్ల దగ్గర ద్రాక్షరసం తాగడానికి ఊరివాళ్ళకి వెండి గిన్నె. వాళ్ళందరూ తాగాక వాడవాళ్ళకి ఇత్తడి గిన్నె. ఊరివాళ్ళ సమాధులు మెరక మీద, వాడవాళ్ళవి వాగు ఒడ్డున పల్లంలో. దేవుణ్ణి మార్చుకున్నారు గానీ కులాన్ని వెంటబెట్టుకునే వచ్చారు.

వాడలో సువార్తమ్మ అని ఒక మంత్రసాని ఉండేది. ఊళ్ళో పుట్టినా, వాడలో పుట్టినా, ప్రతి బిడ్డనీ మొదట పట్టుకున్నవి ఆమె చేతులే. పురుడు పోసి ఆమె పెరటి దారిన వెళ్ళిపోగానే ఊళ్ళోవాళ్ళు ఇల్లంతా కడుక్కునేవాళ్ళు.

"నీకు కోపం రాదా అమ్మా?" అని కూతురు మార్త అడిగేది.

"బిడ్డ ఏడుపు వినపడితే చాలే, నాకింకేదీ వినపడదు" అనేది సువార్తమ్మ.

మార్త ఆమెకి ఒక్కతే కూతురు. అల్లుడు అప్పటికే జ్వరంతో పోయాడు. ఆ పిల్లకి మొదటి కాన్పు. ముసురు పట్టిన వారంలో ఒక మధ్యాహ్నం నొప్పులు మొదలయ్యాయి. అప్పుడే సంఘపెద్ద యాకోబయ్య ఇంటి పాలేరు తడుచుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. పెద్దయ్య కోడలికి నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగింది.

సువార్తమ్మ కూతురి వైపు చూసింది.

"వెళ్ళమ్మా" అంది మార్త. "నాకింకా చాలా పొద్దుంది. అక్కడ రెండు ప్రాణాలు."

సువార్తమ్మ వెళ్ళింది. బిడ్డని తిప్పుతూ ఉండగా వాడనుంచి కబురొచ్చింది, మార్తకి రక్తం ఆగడం లేదని. ఆమె లేచింది. యాకోబయ్య గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఇది తేలేదాకా కదలడానికి వీల్లేదు."

రెండోసారి కబురొచ్చింది. యాకోబయ్య గుమ్మం వదల్లేదు. మూడోసారి ఎవరూ రాలేదు.

పెద్దయ్య ఇంట ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. సువార్తమ్మ వానలో పడుతూ లేస్తూ ఇల్లు చేరేసరికి మార్త లేదు. కడుపులో బిడ్డా లేదు.

తెల్లారి వాగు పొంగింది. పల్లంలో గొయ్యి తవ్వుతుంటేనే నీళ్ళతో నిండిపోతోంది. సువార్తమ్మ యాకోబయ్య ఇంటికి వెళ్ళి పెరటి గుమ్మం దగ్గర నిలబడింది.

"అయ్యా, నా బిడ్డకి మెరక మీద ఆరడుగుల జాగా ఇప్పించండి."

"మెరక మా తాతలదే సువార్తా. నేనొక్కణ్ణీ ఎలా ఇచ్చేది? పాస్టరుగార్ని అడుగు."

పాస్టరుగారి దగ్గరకి వెళ్ళింది. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇవ్వాలనే ఉందమ్మా. ఇస్తే ఊరివాళ్ళు గుడి మానేస్తారు. నీకోసం ప్రార్థన చేస్తాను."

"ప్రార్థన నేనూ చేసుకుంటానయ్యా. నాకు కావాల్సింది పొడినేల."

అప్పుడు ఆమే వెళ్ళి గుడి గంట కొట్టింది. ఊరూ వాడా వచ్చింది. వానలో నిలబడి అడిగింది.

"ఇక్కడ సగంమందిని మొదట ఎత్తుకున్నది నేనే. నా బిడ్డకి మెరక మీద జాగా ఇద్దామని ఎవరో ఒక్కరు అనండయ్యా."

ఎవరూ అనలేదు. ఊరివాళ్ళు అనలేదు. రేపటి కూలి ఊరివాళ్ళ చేతుల్లో ఉందని వాడవాళ్ళూ అనలేదు. పాస్టరుగారూ అనలేదు.

గొయ్యిలో నీళ్ళు తోడారు. తోడేకొద్దీ ఊరాయి. పెట్టె తేలిపోకుండా మీద రాళ్ళు పెట్టి, ఆ నీళ్ళలోనే దింపారు. తల్లిని, కడుపులో బిడ్డని.

ఆ ఆదివారం ఇత్తడి గిన్నె సువార్తమ్మ దగ్గరకి వచ్చింది. ఆమె తాగలేదు. పక్కామెకి అందించింది.

"ఏమ్మా, తాగవా?" అన్నాడు పాస్టరుగారు.

"దాహంగానే ఉందయ్యా. గిన్నె ఒకటైన రోజు తాగుతాను."

జనం మొదట నవ్వారు. తర్వాత తిట్టారు. తర్వాత పట్టించుకోవడం మానేశారు. ఆమె మాత్రం పురుళ్ళు మానలేదు. ఊళ్ళోనైనా, వాడలోనైనా, పిలిస్తే వెళ్ళేది. బల్ల దగ్గర మాత్రం అదే మాట. దాహంగానే ఉందయ్యా. గిన్నె ఒకటైన రోజు తాగుతాను.

పందొమ్మిదేళ్ళు గడిచాయి. గిన్నె ఒకటి కాలేదు.

ఒక ఎండాకాలం ఆమె మంచం పట్టింది. ముసలివాడైపోయిన పాస్టరుగారు గిన్నె పట్టుకుని వాడకి వచ్చాడు.

"ఇప్పుడైనా తాగమ్మా."

"ఏ గిన్నె అయ్యా అది?"

ఆయన ఇత్తడి గిన్నెని కండువా చాటుకి లాక్కున్నాడు. సువార్తమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. పొద్దు వాలకముందే పోయింది. ఎండలు కాబట్టి పల్లంలో గొయ్యి పొడిగా ఉంది. ఆమెకి దక్కింది అదొక్కటే.

మరుసటి ఆదివారం వెండి గిన్నె యాకోబయ్య మనవరాలు సలోమి దగ్గరకి వచ్చింది. ఆ వాన రోజున పుట్టిన పిల్ల ఆమే. తన పుట్టుక వెనక ఏం జరిగిందో సువార్తమ్మ పోయిన రోజే తల్లి చెప్పింది. సలోమి గిన్నె తాగకుండా పక్కకి అందించింది.

"తాగవే!" అన్నాడు తాత.

"దాహంగానే ఉంది తాతయ్యా. గిన్నె ఒకటైన రోజు తాగుతాను."

అందరిముందూ ఆయన చెంపమీద కొట్టాడు. సలోమి లేచి వాడవాళ్ళ వరసలోకి వెళ్ళి కూర్చుంది. వాళ్ళు భయపడి జరిగిపోయారు.

"నువ్విక్కడ కూర్చుంటే మామీద పడతారు తల్లీ. వెళ్ళిపో" అన్నారు.

ఆమె వెళ్ళలేదు. చుట్టూ ఖాళీ నేల, మధ్యలో ఆమె ఒక్కతి. అలా ఏళ్ళు కూర్చుంది. వచ్చిన సంబంధాలన్నీ తిరిగిపోయాయి. ఎంతో కాలానికి వాడనుంచి ఒకామె వచ్చి పక్కన కూర్చుంది. ఇంకెంతో కాలానికి ఊరినుంచి ఒకాయన వచ్చాడు. అంతే. గుడి నిండలేదు, ఒక వరస కూడా నిండలేదు.

ఇప్పుడు ఆ గుడికి గుమ్మం ఒకటే. గిన్నెలు ఇంకా రెండే. ఈనాటికీ ఆ చుట్టుపక్కల ఎవరైనా న్యాయం కాని ముద్ద ముట్టకుండా లేచిపోతే, "సువార్తమ్మ దాహం పట్టుకుంది" అంటారు. గుడిలో గిన్నె వచ్చినప్పుడు తాగకుండా అందించేవాళ్ళు తరానికి నలుగురో ఐదుగురో ఉంటారు. వాళ్ళు పోయేముందు ఇంట్లోవాళ్ళ చేత ఒట్టు వేయించుకుంటారు. మెరక మీద జాగా ఉన్నవాళ్ళు కూడా తమని పల్లంలోనే పెట్టమంటారు. మొదట సలోమిని అలా పెట్టారు. వానాకాలంలో పోయినవాళ్ళని నీళ్ళలోనే దింపుతారు.